లంక తోటలో చిన్న టిల్లర్: గేర్ ఆయిల్ డైరీ

ఏప్రిల్ 24

అరటి వరసల మధ్య గడ్డి దున్నుతుంటే సాయంత్రం నాలుగింటప్పుడు టిల్లర్ గొంతు మారింది. ఇంజను బాగానే ఉంది. కింద గేర్ బాక్సులోంచి సన్నగా ఒక ఏడుపు, బ్లేడ్లకి లోడు పడ్డప్పుడల్లా పెద్దదవుతోంది. ఆపి పెట్టె మీద చెయ్యి వెయ్యబోతే ఆనించనివ్వలేదు, అంత వేడి. అక్కడితో పని మానేసి బండిని తోసుకుంటూ పాకకి తెచ్చాను.

మాది పి.గన్నవరం అవతల, గోదావరి వైనతేయ పాయ పక్కన లంక. ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరి, మధ్యలో అరటి, కంద. ట్రాక్టరు తిరిగే చోటు కాదు, తిరిగినా అరటి పిలకలు మిగలవు. అందుకే నాన్న ఈ చిన్న టిల్లర్‌ని సెకండ్ హ్యాండులో కొన్నారు. ముందున్న బ్లేడ్లు తిరుగుతూ బండిని అవే లాక్కుపోయే రకం. 2022 జులై వరదకి మా పాకలో నడుం లోతు నీళ్లు నిలిచాయి, టిల్లర్ అందులోనే ఉంది. నీళ్లు తీశాక ఇంజను విప్పించి బాగు చేయించాం. గేర్ బాక్సు జోలికి మాత్రం ఎవరం పోలేదు. కంపెనీ పుస్తకం ఆ వరదలోనే పోయింది, పెట్టె మీద ప్లేటు అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇందులో ఏ ఆయిల్ పోయాలో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు.

చల్లారాక కింద బోల్టు విప్పి గాజు సీసాలోకి దింపాను. పాలు ఎక్కువైన కాఫీ రంగు. 260 ఎం.ఎల్. వచ్చింది. నల్లగా వస్తుందనుకున్నాను, ఇలా వస్తుందనుకోలేదు. సీసా కదలకుండా కిటికీలో పెట్టి పడుకున్నాను.

ఏప్రిల్ 25

పొద్దున్నకి సీసా అడుగున వేలు మందం నీళ్లు, పైన ఇంకా కాఫీ రంగే. అనుమానం తీరడానికి పాత పెనం ఆరుబయట పొయ్యి మీద పెట్టి, వేడెక్కాక పైభాగంలోంచి ఒక్క చుక్క వేశాను. చిటచిటలాడింది. నీళ్లు లేని ఆయిల్ చుక్క అలా పేలదు, నింపాదిగా పొగ వదులుతుంది. పైకి మామూలుగా కనిపించే ఆయిల్లో కలిసిపోయిన నీటిని కూడా ఈ పరీక్ష పట్టిస్తుంది. పెనానికి మొహం దగ్గర పెట్టకూడదు, చుక్కలు ఎగురుతాయి.

తర్వాత పెట్టె విప్పాను. ఎనిమిది బోల్టులు, రెండు మొండికేశాయి. ఇంజను వైపు నుంచి దిగే ఇరుసు చివర మరచుట్టు ఉన్న ఉక్కు వార్మ్. దానికి ఆనుకుని, బ్లేడ్ల ఇరుసు మీద పసుపుపచ్చటి పళ్లచక్రం. పళ్లు లెక్కపెట్టాను, 30. వార్మ్‌కి పురి ఒక్కటే. అంటే ఇంజను ముప్పై చుట్లు తిరిగితే బ్లేడ్లు ఒక్క చుట్టు తిరుగుతాయి. ఇంజను నిమిషానికి 3600 చుట్లు కొడితే కింద 120.

ఆ పసుపు చక్రం దగ్గరే చాలాసేపు కూర్చుండిపోయాను. అయస్కాంతం ఆనిస్తే పట్టలేదు. ఇత్తడి అంటారు చాలామంది, వర్క్‌షాపుల్లో గన్‌మెటల్ అంటారు. నిజానికి కంచు జాతి, రాగిలో తగరం కలిపిన లోహం. పెట్టె అడుగున మిగిలిన ముద్దని వేళ్ల మధ్య రాస్తే బంగారు రజనులా మెరిసింది. ఆ రజను మీద కూడా అయస్కాంతం తిప్పాను, రాలేదు. కాబట్టి అరిగింది ఉక్కు కాదు, ఈ చక్రమే. పళ్ల చివరలు ఒక పక్కకి కొంచెం కోసుగా తయారయ్యాయి, కానీ మందం ఇంకా ఉంది. ఉక్కు వార్మ్ మీద ఒకచోట గీత గీసినట్టు తుప్పు మరక. బండి ఖాళీగా ఉన్న నెలల్లో నీళ్లు ఆ మట్టానికి నిలిచాయన్నమాట.

బ్లేడ్ల ఇరుసు రెండు పక్కలా అరటినార, నైలాన్ తాడు ముక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. కత్తితో కోసి తీస్తే గుప్పెడు వచ్చింది. దాని కింద ఆయిల్ సీలు పెదవి ఎడమ వైపు పూర్తిగా తెగింది, కుడి వైపుది గట్టిపడి పగిలింది.

ఏప్రిల్ 26

ఊళ్లోకి వెళ్లి నలుగురిని అడిగాను. స్పేర్ పార్టుల కొట్టు ఆయన తల ఎత్తకుండానే "తొంభై వేసెయ్యండి, ఆయ్" అన్నారు. బైకుల మెకానిక్ ఇంజనాయిలే పొయ్యమన్నాడు. మా బాబాయ్ అయితే "గ్రీజు కూరెయ్యరా, కారే గొడవే ఉండదు" అన్నాడు. పాకలో మిగిలిన పాత ట్రాక్టరు ఆయిల్ ఉంది కదా అన్నాడు ఇంకొకాయన.

"తొంభై" అని అడిగితే కొట్లో రెండు డబ్బాలు తీశారు. రెండింటి మీదా 90 ఉంది. ఒకదాని మీద జీఎల్-4, రెండోదాని మీద జీఎల్-5. ధరలో పెద్ద తేడా లేదు. "ఐదు ఇంకా మంచిదండీ, కొత్తది" అన్నారు. రెండూ చెరో అర లీటరు తెచ్చుకుని రాత్రి కూర్చున్నాను.

ఇక్కడ చాలామంది ఒకటిగా చూసేవి రెండు విషయాలు. 90 అన్నది చిక్కదనం. జీఎల్ అన్నది అందులో కలిపిన మందు. ఒకటి చూసి రెండోది వదిలేస్తే పప్పులో కాలేసినట్టే.

ముందు చిక్కదనం. గేర్ ఆయిల్ 90 అంటే 100 డిగ్రీల వేడి దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలత) మధ్య ఉండాలి. 140 అంటే 24 నుంచి 32.5. ఇంజనాయిల్ అంకెలకి కొలత వేరు. ఇంజనాయిల్లో 40 అంటే అదే వేడి దగ్గర 12.5 నుంచి 16.3. తొంభై అంకె చూసి నలభై కన్నా రెట్టింపు చిక్కన అనుకుంటాం గానీ, 40 ఇంజనాయిలూ 90 గేర్ ఆయిలూ చిక్కదనంలో ఇరుగుపొరుగులు. ఆ లెక్కన బైకుల మెకానిక్ మాట మరీ కొట్టిపారెయ్యాల్సింది కాదు. 80డబ్ల్యూ-90 లాంటి పేర్లలో ఆ డబ్ల్యూ ముందు అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెప్పడానికి. మా లంకలో పుష్యమాసం తెల్లవారుజామున కూడా ఆ అంకెతో పని పడదు.

ఇక మందు. జీఎల్-5 పుట్టింది కార్లు, లారీల వెనక ఇరుసుల్లో ఉండే హైపాయిడ్ గేర్ల కోసం. అక్కడ ఉక్కు పన్ను ఉక్కు పన్ను మీద భయంకరమైన ఒత్తిడితో జారుతుంది. అతుక్కుపోకుండా గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. వేడికి ఆ గంధకం ఉక్కు మీద పల్చటి పొరలా ఏర్పడి పళ్లని కాపాడుతుంది. జీఎల్-4లో ఆ మందు మోతాదు సుమారు సగం. చిక్కు ఎక్కడంటే గంధకానికి రాగి అంటే మహా ఇష్టం. రాగి, ఇత్తడి, కంచు దొరికితే వాటినీ పట్టుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా పట్టుకుంటుంది. ఇత్తడి రింగులున్న చాలా కార్ల గేర్ బాక్సులకి జీఎల్-4 అడగడానికి ఇదొక కారణం. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లలో కొన్నింటిలో రాగిని కాపాడే విరుగుడు కూడా కలుపుతారు, అన్నీ ఒక్కలా ఉండవు. నేను తెచ్చిన డబ్బా మీద ఆ ముక్క రాసి లేదు కాబట్టి నాకు తెలిసే దారి లేదు.

నా పెట్టెలో చక్రం కంచుది.

ఏప్రిల్ 28 – 30

ఆయిల్ కంపెనీలు చేసే పరీక్ష ఒకటి ఉంది. మెరుగు పెట్టిన రాగి రేకుని ఆయిల్లో ముంచి 3 గంటలు వేడిలో ఉంచుతారు, గేర్ ఆయిళ్లకి 121 డిగ్రీలు. తీసి రేకు రంగుని ప్రమాణాల పట్టీతో పోల్చి అంకె వేస్తారు. నా దగ్గర ఆ పట్టీ లేదు, ఆ వేడీ లేదు. అయినా నా కళ్లతో చూడాలనిపించింది.

మోటారు పంపు పాత గన్‌మెటల్ బుష్‌ని రంపంతో రెండు ముక్కలు చేశాను. ఎర్త్ వైరు రాగి తీగ రెండు బెత్తెలు కోశాను. అన్నింటినీ తడిపి రుద్దే ఎమరీ కాగితంతో అద్దంలా తోమాను. తోమాక చేత్తో ముట్టుకోకూడదు, వేలిముద్ర కూడా మరకవుతుంది, అందుకని దారంతో కట్టి వేలాడదీశాను. ఒక సీసాలో జీఎల్-5, రెండోదాంట్లో జీఎల్-4. మూతలు వదులుగా పెట్టి, రెండింటినీ నీళ్లున్న తపేలాలో నిలబెట్టి, దొడ్లో కట్టెల పొయ్యి మీద మరిగే నీళ్లలో రోజుకి మూడు గంటల చొప్పున మూడు రోజులు ఉంచాను. ఆయిల్‌ని నేరుగా మంట మీద పెట్టడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు.

మొదటి రోజు రెండూ ఒకేలా ఉన్నాయి. రెండో రోజు సాయంత్రం జీఎల్-5 సీసాలో రాగి తీగకి నారింజ మీద ఊదా పొర తేలింది. మూడో రోజుకి అది ముదురు గోధుమ రంగు. గన్‌మెటల్ ముక్క మెరుపు పోయి బూడిద పట్టినట్టయింది. జీఎల్-4లో తీగ కొంచెం రంగు తిరిగింది, ముక్క మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది. గుడ్డతో గట్టిగా తుడిచి కూడా చూశాను. జీఎల్-5 మరక తుడుపుకి పోలేదు.

ఒకే కొట్లో కొన్న ఒక్కొక్క డబ్బా, ఒక్క తపేలా. దీన్ని పట్టుకుని జీఎల్-5 చెడ్డదని నేననను. ఉక్కు ఇరుసుకి అది రాజు. నా కంచు చక్రానికి వద్దు, అంతే.

మే 2

ఆయిల్ సంగతి పక్కన పెట్టి సీళ్ల కోసం తిరిగాను. స్పేర్ పార్టుల కొట్లో కాదు, రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు బాగు చేసే మెకానిక్ దగ్గర నాకు అసలు పాఠం దొరికింది. మన డెల్టాలో నీళ్ల పక్కన గేర్ బాక్సులు ఆయనకన్నా ఎక్కువ విప్పినవాళ్లు ఉండరు. ఏరేటర్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంటే కింద పెట్టె దాన్ని వంద చుట్ల దాకా తగ్గించి చక్రాల్ని తిప్పుతుంది, పగలూ రాత్రీ, ఉప్పునీటి తుంపర మధ్య. సీలు పోతే ఆయిల్ చెరువులోకి, నీళ్లు పెట్టెలోకి.

నా ఇరుసు చూసి వెర్నియర్ పెట్టి కొలిచి "పాతిక, నలభై, ఏడు" అన్నారు. లోపలి కొలత 25, బయటిది 40, మందం 7 మిల్లీమీటర్లు. సీలు మీద కూడా అలాగే అచ్చయి ఉంటుంది. రెండు పెదవులున్నది తీసుకోమన్నారు. లోపలి పెదవి స్ప్రింగుతో ఆయిల్‌ని ఆపుతుంది, బయటి చిన్న పెదవి మట్టిని ఆపుతుంది. లంక ఒండ్రు గోధుమపిండి కన్నా మెత్తన, ఒక్క పెదవి దానికి చాలదు.

తర్వాత ఇరుసుని వెలుతురులోకి తిప్పి గోటితో గీశారు. పాత పెదవి రుద్దుకున్న చోట సన్నటి గాడి పడింది. "ఇక్కడే మళ్లీ సీలు కూర్చోబెడితే కొత్తదైనా కారుద్దండి. రెండు మిల్లీమీటర్లు లోపలికి నొక్కండి, పెదవి కొత్త చోట పడుద్ది." నేనొక్కణ్ణే అయితే ఈ గాడి నా కంటికి ఆనేది కాదు.

"కడిగేటప్పుడు ఎక్కడ కడుగుతారండీ?" అని అడిగారు. పని అవగానే పాయ రేవులో అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. ఆయిల్ పోసే బిరడా తీసి చూపించారు. నడిమధ్య సూది బెజ్జం, మట్టితో పూడిపోయి ఉంది. అది గాలి పీల్చే బెజ్జమట. పని చేస్తున్నప్పుడు పెట్టెలో గాలి వేడెక్కుతుంది. 35 డిగ్రీల గాలి 80కి పోతే సుమారు ఏడో వంతు వ్యాకోచిస్తుంది. బెజ్జం మూసుకుపోతే ఆ ఒత్తిడి సీలు మీదే పడి ఆయిల్ బయటికి నెట్టుకొస్తుంది. అప్పుడు దాన్ని తీసుకెళ్లి రేవులో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, ఖాళీ నింపుకోవడానికి అదే సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది.

అంటే 2022 వరద ఒక్కటే కాదు. ప్రతి సాయంత్రం రేవులో నా చేత్తోనే కాసిని నీళ్లు పోస్తూ వచ్చాను. నాన్న బండి. ఆ సాయంత్రం ఇంటికొచ్చేదాకా అదే మనసులో తిరిగింది.

మే 6

ఇప్పుడు ఆయిల్. వార్మ్ గేరు సంగతి మామూలు గేర్లలా కాదు. మామూలు గేరులో పన్ను పన్ను మీద ఎక్కువగా దొర్లుతుంది. వార్మ్‌లో ఉక్కు మర కంచు పన్ను మీద ఆద్యంతం జారుతూనే ఉంటుంది. జారుడు కాబట్టి వేడి ఎక్కువ, ఆయిల్ పొర తెగిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే దీనికి చిక్కటి ఆయిల్ అడుగుతారు. ఫ్యాక్టరీల వార్మ్ పెట్టెల్లో వాడే ఆయిల్‌కి వీజీ 460 అని పేరు, అంటే 40 డిగ్రీల దగ్గర సుమారు 460 సెంటీస్టోకులు. గేర్ ఆయిల్ లెక్కలో అది 140కి సరిజోడు. 90కి దగ్గరగా ఉండేది వీజీ 220. ఇంకో రహస్యం, పాతకాలం నుంచి వార్మ్ గేర్లకి వాడే ఆయిళ్లలో కాస్త జంతువుల కొవ్వో, కొవ్వు నూనో కలుపుతారు, నూటికి పది పాళ్లకి మించకుండా. ఆవిరి ఇంజన్ల సిలిండర్ ఆయిల్ కూడా ఆ కోవలోదే. కొవ్వుకి లోహాన్ని అంటిపెట్టుకునే గుణం ఉంది, జారుడు దగ్గర అది గంధకం లేకుండానే పని చేస్తుంది. అలాగని వంటింట్లో కొబ్బరినూనె కలపమని కాదు. మన కొబ్బరినూనె వేడికి గాలి తగిలితే చెడిపోతుంది, చలి కాస్త పడితే పేరుకుంటుంది.

గ్రీజు మాట. బాబాయ్ చెప్పింది సగం నిజం, కారదు. కానీ మామూలు గ్రీజుని పళ్లు దున్నుకుంటూ పోయి తమ దారి చేసుకుంటాయి, ఆ తర్వాత గ్రీజు గోడల్లా నిలబడిపోతుంది, తిరిగి పళ్ల మీదకి రాదు. మన కందపాదులో నాగలి చాలు లాగా. వేడిని పెట్టె గోడకి మోసుకుపోయేది కూడా ఉండదు. గేర్ బాక్సు గ్రీజులని పల్చటివి, గ్రేడ్ 00 రకం ఉన్నాయి. సీలు మార్చలేని పాత పెట్టెలకి అవి ఒక దారి. నా పెట్టెకి సీలు దొరికింది, కాబట్టి అక్కర్లేదు.

పాలీగ్లైకాల్ అని ఖరీదైన సింథటిక్ వార్మ్ ఆయిల్ ఉంది. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ మామూలు ఆయిల్‌తో కలవదు, ఎక్కడైనా పాత ఆయిల్ మిగిలితే ముద్ద కడుతుంది, కొన్ని రంగుల్నీ సీళ్లనీ తినేస్తుంది. పావు లీటరు పట్టే తోట బండికి అంత జాగ్రత్త నావల్ల కాదు.

కాబట్టి నా మొదటి ఎంపిక కొవ్వు కలిసిన వీజీ 460, మినరల్ ఆయిల్. అది దొరక్కపోతే 140, జీఎల్-4. అదీ లేకపోతే 90 జీఎల్-4, త్వరత్వరగా మారుస్తూ. ఇంకా చిక్కగా పోతే ఏమవుతుందని అడిగితే, మరీ చిక్కనిది తనని తాను చిలుక్కుని వేడెక్కుతుంది, పై బేరింగు దాకా చేరదు. ఎంత చిక్కనైతే అంత మంచిదనే లెక్క పనికిరాదు.

వీజీ 460 చిన్న డబ్బాల్లో మా వైపు కొట్లలో కనపడలేదు, అన్నీ పెద్ద బకెట్లే. తెలిసిన రైసు మిల్లులో కన్వేయర్ పెట్టెలకి అదే వాడతారు. బకెట్ మీద రాత చదివి, వార్మ్ గేర్లకని ఉందని, పాలీగ్లైకాల్ కాదని నిర్ధారించుకుని రెండు లీటర్లు కొనుక్కున్నాను. అదే గదిలో ఇంకో బకెట్ మీద కూడా 460 ఉంది, కానీ అది ఉక్కు గేర్ల కోసం గంధకం మందు కలిపిన రకం. ఫ్యాక్టరీ ఆయిళ్లలోనూ అంకె ఒకటైనా మందు వేరు కావచ్చు. లూజుగా కొనేవాళ్లు బకెట్ చూడకుండా కొనొద్దు.

ఇంటికొచ్చి మూడో గన్‌మెటల్ ముక్క కోసి దీన్నీ తపేలాలో మూడు రోజులు ఉడికించాను. ముక్క పెట్టినట్టే వచ్చింది.

మే 9

బిగింపు రోజు. పెట్టెని డీజిలుతో రెండుసార్లు కడిగి ఎండలో బోర్లించాను. డీజిలు మూలల్లో మిగిలితే కొత్త ఆయిల్‌ని పల్చబరుస్తుంది, అందుకని పాతిక ఎం.ఎల్. కొత్త ఆయిల్ పోసి తిప్పి అదీ పారబోశాను. పారబోయడమంటే పాదులోకి కాదు, క్యానులోకి. లంకలో ఏది ఒలికినా పాయలోకే చేరుతుంది, కింద ఊళ్లవాళ్లు తాగే నీళ్లు. పాత ఆయిలంతా ఒక క్యానులో పోగేసి, పాత ఆయిల్ కొనే ఆయనకి ఇస్తున్నాను.

వార్మ్ మీద తుప్పు గీతని సన్నటి ఎమరీతో, కాస్త ఆయిల్ రాసి, చేత్తో తోమాను. గోటికి తగలనంత వరకే తోమాను.

సీలు ఎక్కించేటప్పుడు ఇరుసు చివర పిన్ను బెజ్జం అంచులు కొత్త పెదవిని కోసేస్తాయి. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆయిల్ రాసి, కవరు మీదుగా జార్చాను. రెండు పెదవుల మధ్య గాడిలో గ్రీజు నింపాను. నలభై సైజు పీవీసీ పైపు ముక్క పెట్టి చుట్టూ సమంగా తడుతూ, అంచు కన్నా రెండు మిల్లీమీటర్లు లోపలికి. ఎడమది మొదటిసారి వంకరగా పోయింది. వంకరగా పోయినదాన్ని సరిచెయ్యబోతే చెడుతుంది, తీసేసి ఇంకోటి వేశాను. అందుకే మూడు కొన్నాను.

బిరడా బెజ్జం సైకిలు ఊచతో తెరిచాను.

ఆయిల్ పొయ్యడానికి పశువుల సిరంజి వాడాను. బండిని పని చేసే వాలులో కాదు, పెట్టె సమంగా ఉండేలా ఇటుకలు పెట్టి, పక్క బెజ్జం అంచుకి ఆయిల్ వచ్చేదాకా. 320 ఎం.ఎల్. పట్టింది. 460 తేనెలా దిగుతుంది, ఓపిక కావాలి. పది నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే మట్టం కాస్త దిగింది, ఇంకో 15 పోశాను. నిండా పొయ్యకూడదు. గాలికి చోటు లేకపోతే మళ్లీ సీలు మీదే పడుతుంది.

మే 10

ఎండ 38 డిగ్రీలు. ఏసీ మెకానిక్ దగ్గర తుపాకీలాంటి థర్మామీటరు అరువు తెచ్చాను. అల్యూమినియం మెరుపుకి ఆ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది, పెట్టె మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీదే కొలిచాను. లోడు లేకుండా పది నిమిషాలు, తర్వాత అరటి వరసలో మామూలు పని.

ఇరవై నిమిషాలకి 64. నలభైకి 76. గంటకి 78, అక్కడ నిలిచింది. వార్మ్ పెట్టెకి ఈ వేడి సహజమే. నిలకడగా ఉండటమే నేను చూసింది. పోయిన నెల ఎంత వేడెక్కిందో కొలవలేదు గానీ, చెయ్యి వెనక్కి లాక్కున్నది గుర్తుంది. ఏడుపు లేదు. మా బాబాయ్ గట్టు మీద నుంచి "ఇంజను చప్పుడే వినపడతందేంట్రా" అన్నాడు.

ఆ సాయంత్రం కడగలేదు. మట్టి చీపురుతో దులిపి, పూర్తిగా చల్లారాక తడి గుడ్డతో తుడిచాను. ఇరుసు మీద నార కోయడానికి కొడవలి ముక్క ఒకటి హ్యాండిల్‌కే కట్టేశాను.

జూన్ 3

ఐదు గంటల పని తర్వాత దింపేశాను. కొత్తది అప్పుడే మార్చడమేంటని ఇంట్లో అడిగారు. మూలల్లో దాక్కున్న పాత రజను ఇప్పుడు బయటికి వస్తుంది, అది పళ్ల మధ్య తిరగడం కన్నా 320 ఎం.ఎల్. పోవడం నయం. సీసాలో బంగారు మెరుపు కొంచెం ఉంది, నీళ్లు లేవు. పెనం మీద చుక్క చిట్లలేదు.

వానలు మొదలవగానే కొబ్బరి పాదుల్లో జనుము చల్లాను.

ఆగస్టు 17

జనుము పూత దశకొచ్చింది, రెండు రోజుల్లో కలియదున్నాను. ఈ బండికి ఇదే అసలు పరీక్ష. జనుము నార తాడు పేనే నార, బ్లేడ్ల ఇరుసుకి అరటినార కన్నా గట్టిగా చుట్టుకుంటుంది. ప్రతి రెండు వరసలకీ ఆపి కోశాను. అలా ఆపినందుకు పని గంటన్నర ఎక్కువ పట్టింది.

మొత్తం 25 గంటలు అయ్యాయి కాబట్టి మళ్లీ దింపాను. ఈసారి రంగు మాగిన బెల్లం పాకం, వెలుతురు అవతలికి కనిపిస్తోంది. రాత్రంతా నిలబెట్టినా అడుగున నీటి గీత లేదు. తెల్ల పింగాణీ సాసరులో పోసి వంచి చూస్తే అక్కడక్కడా రెండు మూడు మెరుపులు. ఎడమ సీలు పొడిగా ఉంది. కుడి వైపు మాత్రం వేలికి అంటేంత చెమ్మ, చుక్క కట్టలేదు. అటు వైపు గాడి కాస్త లోతు ఉన్నట్టుంది. దానికి ఇరుసు మీద స్లీవ్ తొడిగించాలి, కంద తవ్వకం లోపు ఏరేటర్ మెకానిక్ దగ్గరికి ఇరుసు తీసుకెళ్తాను.

ఆగస్టు 19

పక్క తోట ఆయన తన ఏడు హార్స్ పవర్ల వీడర్‌కి కూడా మిల్లు ఆయిల్ కావాలని క్యాను పట్టుకొచ్చారు. ముందు పెట్టె చూద్దామన్నాను. బిరడా తీసి టార్చి వేస్తే లోపల అంతా ఉక్కు గేర్లు, పసుపు ముక్క లేదు. అయస్కాంతం అన్నింటికీ పట్టింది. ఆయన పుస్తకం పోలేదు, అందులో 80డబ్ల్యూ-90 జీఎల్-4 అని స్పష్టంగా ఉంది. అదే పోశాం. బిరడా బెజ్జం మాత్రం ఆయనదీ పూడిపోయే ఉంది. సైకిలు ఊచ నేనే ఇచ్చాను.